జోలె పట్టిన ఫుట్‌బాల్ ఆట

మా క్లయింట్ మేనేజర్‌ది ఒహాయో. రోజూ సాయంత్రం ఏడింటికి కాల్ మొదలవుతుంది. డిసెంబర్ వచ్చిందంటే చాలు, మొదటి పది నిమిషాలు ప్రాజెక్టు సంగతులుండవు. ఏ కాలేజీ జట్టు ఏ 'బౌల్' ఆడుతోంది, ఎవడు ఎన్ని గజాలు పరిగెత్తాడు, అదే గోల. మనమేమో మ్యూట్‌లో పెట్టుకుని టీ తాగుతూ, మధ్యమధ్యలో అన్‌మ్యూట్ చేసి "యా, యా" అంటూ ఉంటాం. ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన వాళ్ళకి ఈ బాధ ఇంకా బాగా తెలుసు.

ఓసారి ఆయన మాటల్లో "మెర్సీ బౌల్" అన్న పేరు దొర్లింది. ఆ పేరుతో జరిగినవి రెండే రెండు ఆటలట. ఒకటి 1961లో, ఇంకోటి 1971లో. మధ్యలో పదేళ్ళు ఏమీ లేదు, తర్వాత కూడా ఏమీ లేదు. "రెండు మ్యాచులకే మూతబడ్డ టోర్నమెంటా? అంత ఫ్లాపా?" అని అడిగాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. "అది మూతబడటం కాదు, దాని పని అయిపోయింది" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆ వారాంతం అంతా చదువుతూ కూర్చున్నాను. ఎందుకు అంతగా పట్టుకుందో చివర్లో చెప్తా, దానికీ మా ఊరికీ ఒక లింకుంది.

ముందు అసలీ బౌల్ ఏంటో చూద్దాం. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. అక్కడ యూనివర్సిటీ జట్ల ఆటలకి వచ్చే జనం మన దగ్గర ఐపీఎల్‌కి వచ్చే జనం కంటే తక్కువేం ఉండరు. సీజన్ అయిపోయాక డిసెంబర్, జనవరిల్లో బాగా ఆడిన జట్లని పిలిచి విడిగా ఆడించే మ్యాచుల్ని బౌల్ గేమ్స్ అంటారు. వీటికి మూలం కాలిఫోర్నియాలోని పాసడీనాలో 1902 కొత్త సంవత్సరం రోజున జరిగిన మ్యాచ్. మిషిగన్ జట్టు స్టాన్‌ఫోర్డ్‌ని 49–0 తో చితక్కొట్టింది. అది పూల ఊరేగింపు ఉత్సవంలో భాగంగా పెట్టిన ఆట. తర్వాత 1920లలో అక్కడ పెద్ద గిన్నె ఆకారంలో స్టేడియం కట్టి 'రోజ్ బౌల్' అని పేరు పెట్టారు. దాంతో ఆటకీ ఆ పేరే వచ్చింది. అది చూసి మిగతా ఊళ్ళవాళ్ళు కూడా మొదలెట్టారు. 1935లో ఆరెంజ్ బౌల్, షుగర్ బౌల్, 1937లో కాటన్ బౌల్.. ఏ ఊళ్ళో ఏది పండితే దాని పేరు. మన అనకాపల్లిలో పెడితే 'బెల్లం బౌల్' అయ్యుండేది :-)

ఊరికి నాలుగు డబ్బులు రావాలి, హోటళ్ళు నిండాలి, పేరు రావాలి. బౌల్ వెనక ఉన్న లెక్క ఎక్కువగా ఇదే. కానీ మెర్సీ బౌల్ పుట్టింది ఈ లెక్కలోంచి కాదు, ఒక పొగమంచు రాత్రిలోంచి.

1960 అక్టోబర్ 29, శనివారం. కాలిఫోర్నియాలో శాన్ లూయిస్ ఒబిస్పో అనే చిన్న ఊళ్ళో 'కాల్ పాలీ' అనే ప్రభుత్వ కాలేజీ ఉంది. ఇంజనీరింగ్‌కి, వ్యవసాయానికి పేరున్న కాలేజీ. దాని జట్టు మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం వెళ్ళి ఒహాయోలో బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీతో ఆడింది. 50–6 తో చిత్తుగా ఓడింది. ఆ రాత్రే ఇంటికి బయల్దేరారు. టొలీడో విమానాశ్రయంలో వాళ్ళ కోసం అద్దెకి మాట్లాడిన విమానం సిద్ధంగా ఉంది. అది కర్టిస్ సీ-46, రెండో ప్రపంచయుద్ధం నాటి రెండు ఇంజన్ల రవాణా విమానం. లోపల 48 మంది. బయట రన్‌వే కూడా కనిపించనంత పొగమంచు.

విమానం లేచింది, లేచినంతసేపు పట్టకుండానే నేలకూలింది. రెండు ముక్కలై అంటుకుంది. 22 మంది చనిపోయారు. అందులో 16 మంది ఆటగాళ్ళు. ఓ విద్యార్థి మేనేజరు, జట్టుకి అండగా ఉండే అభిమాని ఒకాయన కూడా పోయారు.

జట్టు క్వార్టర్‌బ్యాక్ టెడ్ టాల్నర్ బతికాడు. బయల్దేరే ముందు ఒక సహచరుడితో సీటు మార్చుకున్నాడు. అతను పోయాడు, ఇతను మిగిలాడు. టాల్నర్ తర్వాత కోచ్ అయ్యి 1980లలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ లాంటి పెద్ద జట్టుకి శిక్షణ ఇచ్చే స్థాయికి వెళ్ళాడు. ఒక సీటు ఇటు నుంచి అటు మారితే మొత్తం జీవితం మారిపోవడం అంటే ఇదేనేమో.

మీకు బాగా తెలిసిన ఇంకో పేరు కూడా ఈ కథలో ఉంది. జాన్ మాడెన్. మన హాస్టళ్ళలో ఆ వీడియోగేమ్ సీడీ చూడని వాళ్ళుండరు (ఒక్కడికీ రూల్స్ అర్థం కాకపోయినా సరే). ఆయన కాల్ పాలీలోనే చదివి, అక్కడే ఆడాడు. ప్రమాదం నాటికి దగ్గర్లోని ఇంకో కాలేజీలో కోచ్. పోయిన కుర్రాళ్ళలో ఆయనకి తెలిసినవాళ్ళున్నారు. తర్వాత పెద్ద కోచ్ అయ్యి, వ్యాఖ్యాత అయ్యి కూడా 1979 నుంచి విమానం ఎక్కడం మానేసి, దేశమంతా బస్సులో తిరిగాడు. అది ఈ ప్రమాదం వల్లనే అని చాలామంది అంటారు. ఆయన మాత్రం ఇరుకు చోటంటే భయం అని చెప్పేవాడు. 2021 డిసెంబర్‌లో పోయాడు.

ఇక దర్యాప్తు. ఇది చదువుతుంటే మన ఇన్సిడెంట్ రిపోర్టులే గుర్తొచ్చాయి. ఎప్పుడైనా పెద్ద అవుటేజ్ జరిగితే కారణం ఒక్కటి ఉండదు కదా, నాలుగు చిన్న తప్పులు ఒకే రాత్రి ఒకే చోట కలుస్తాయి. ఇక్కడా అంతే. విమానం ఉండాల్సిన గరిష్ఠ బరువు కంటే దాదాపు 2,000 పౌండ్లు, అంటే 900 కిలోలు ఎక్కువ బరువుతో ఉంది. ఎడమ ఇంజన్ శక్తి కొంత తగ్గింది. తగినంత వేగం రాకముందే నేల వదిలింది. ఎదురుగా ఏమీ కనిపించడం లేదు. వీటన్నిటి మీద ఇంకోటి ఉంది. ఆ పైలట్ లైసెన్సుని విమానయాన శాఖ అంతకుముందే రద్దు చేసింది. అతను అప్పీలు వేసుకుని, అది తేలేదాకా నడుపుతున్నాడు.

మరి అంత పొగమంచులో ఎందుకు వదిలారు? ఎందుకంటే అప్పటి నిబంధనల ప్రకారం ఎగరాలా వద్దా అనేది పైలట్ ఇష్టం. టవర్‌లో ఉన్నవాడికి ఆపే అధికారం లేదు. ప్రమాదం తర్వాతే, ఇంత దూరం కనిపించకపోతే బయల్దేరడానికి వీల్లేదు అనే కనీస హద్దు పెట్టారు. ఈ రోజు మనం శీతాకాలం ఢిల్లీ ఎయిర్‌పోర్టులో "విజిబిలిటీ లేదు, లేటు" అంటే ఎయిర్‌లైన్స్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. అలాంటి ప్రతి హద్దు వెనకా ఎక్కడో ఎవరో పోయి ఉంటారు.

సరే, ప్రమాదం అయిపోయింది. కాల్ పాలీ మిగిలిన సీజన్ రద్దు చేసుకుంది. ఇప్పుడు కుటుంబాల సంగతేంటి? గాయపడి ఆస్పత్రుల్లో ఉన్న పిల్లల సంగతేంటి?

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఇది తెలియకపోతే మెర్సీ బౌల్ ఎందుకు అవసరమైందో అర్థం కాదు. కాలేజీ ఆటగాళ్ళని అమెరికాలో 'స్టూడెంట్-అథ్లెట్' అంటారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ మాట పుట్టిందే 1950లలో ఒక లాయర్ తెలివితో. కొలరాడోలో రే డెనిసన్ అనే కాలేజీ ఆటగాడు 1955లో మైదానంలో తగిలిన దెబ్బతో చనిపోయాడు. పనిలో ప్రమాదం జరిగితే కార్మికుల కుటుంబాలకిచ్చే పరిహారం తనకీ ఇవ్వమని అతని భార్య అడిగింది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదంది. ఫుట్‌బాల్ కాలేజీ వ్యాపారం కాదు, అతను ఉద్యోగి కాదు అని. కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ ఇలాంటి కేసులకి భయపడే 'స్టూడెంట్-అథ్లెట్' అనే మాటని ప్రతి చోటా వాడించింది. దానికి అప్పట్లో అధిపతిగా ఉన్న వాల్టర్ బైయర్స్ రిటైరయ్యాక ఈ సంగతి తన పుస్తకంలో తనే రాశాడు. ఉద్యోగి కాదు, విద్యార్థి. కాబట్టి జీతం లేదు, పరిహారం లేదు. (2025 జూలై నుంచే కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వడం మొదలైంది. అంటే అరవై అయిదేళ్ళ తర్వాత.)

హక్కుగా రానిది ఎలా వస్తుంది? ఎవరో ఒకరు జోలె పట్టాలి.

అలా పుట్టింది మెర్సీ బౌల్. ప్రమాదం జరిగిన ఏడాదికి, 1961 నవంబర్ 23న. అది థాంక్స్‌గివింగ్ రోజు. అంటే వాళ్ళకి మన పెద్దపండగ లాంటిది, ఊళ్ళో ఉన్నవాళ్ళంతా ఇంటికొచ్చే రోజు. చోటు లాస్ ఏంజిలస్ కొలీజియం, దాదాపు లక్షమంది పట్టే స్టేడియం. మరి ఎవరాడాలి? ఒక జట్టు ఫ్రెస్నో స్టేట్. కాల్ పాలీ ఏ లీగులో ఆడేదో అదే లీగు, ఏటా ఒకరినొకరు ఓడించుకునే ప్రత్యర్థి. ఆ ఏడాది వాళ్ళకి ఒక్క ఓటమి కూడా లేదు. రెండో జట్టు బౌలింగ్ గ్రీన్.

అవును, ఆ బౌలింగ్ గ్రీనే. ఆ రాత్రి 50–6 తో గెలిచిన వాళ్ళు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆటలో గెలిచారు, అంతే. కానీ షేక్‌హ్యాండ్ ఇచ్చి పంపిన కుర్రాళ్ళు అదే రాత్రి, తమ ఊరికి దగ్గర్లోనే కాలిపోయారని తెలిస్తే ఎలా ఉంటుంది? 1961లో వాళ్ళు తమ లీగ్ ఛాంపియన్లు. ఆ పండగ రోజు ఇంట్లో కూర్చోకుండా, కాల్ పాలీ జట్టు ఏ దూరం దాటి తమ దగ్గరికొచ్చిందో ఆ దూరమే ఎదురుగా దాటి కాలిఫోర్నియా వచ్చారు.

ఆటలో ఫ్రెస్నో స్టేట్ 36–6 తో గెలిచింది. స్కోరు చూసి నేను కాసేపు ఆగాను. అప్పుడు కాల్ పాలీకి 6, ఇప్పుడు బౌలింగ్ గ్రీన్‌కి 6. దానికి అర్థమేమీ లేదు, లెక్కలు అలా కలిశాయంతే. కానీ స్టేడియంలో కూర్చున్న వాళ్ళలో ఎవరికో ఒకరికి తట్టకుండా ఉంటుందా?

టికెట్ కొన్నవాళ్ళు 33 వేల పైచిలుకు. అంటే లక్షమంది పట్టే స్టేడియంలో రెండొంతులు ఖాళీ. బిజినెస్ లెక్కలో చూస్తే ఫ్లాప్ షో. కానీ లక్షన్నర డాలర్లకి పైనే పోగయ్యాయి. 1961లో అది చిన్న మొత్తం కాదు. బతికినవాళ్ళ వైద్యానికి, పోయినవాళ్ళ పిల్లలకి, కుటుంబాలకి ఆ నిధి.

తర్వాతి ఏడాది మెర్సీ బౌల్ లేదు. ఆ తర్వాతా లేదు. ట్రోఫీ పెట్టి, స్పాన్సర్‌ని పట్టుకుని "రెండో వార్షిక మెర్సీ బౌల్" అని ఎవరూ బోర్డు కట్టలేదు.

పదేళ్ళు గడిచాయి. ఈలోగా 1970లో కాలేజీ ఫుట్‌బాల్‌ని రెండు విమాన ప్రమాదాలు కుదిపేశాయి. అక్టోబర్ 2న విచిటా స్టేట్ జట్టుని తీసుకెళ్తున్న విమానం కొలరాడో కొండల్లో కూలి 31 మంది పోయారు. ఆరు వారాలు దాటగానే, నవంబర్ 14న మార్షల్ యూనివర్సిటీ జట్టు విమానం కూలి లోపలున్న 75 మందిలో ఒక్కరూ మిగల్లేదు. 2006లో వచ్చిన 'వీ ఆర్ మార్షల్' సినిమా ఈ రెండోదాని మీదే.

1971 నవంబర్‌లో మళ్ళీ. ఈసారి చిన్న విమానం. కాలిఫోర్నియాలోనే కాల్ స్టేట్ ఫుల్లర్టన్ అనే కాలేజీ అప్పటికి ఏడాది క్రితమే ఫుట్‌బాల్ జట్టు పెట్టుకుంది. దాని సహాయ కోచ్‌లు ముగ్గురు తర్వాతి ప్రత్యర్థి ఆట చూసి రావడానికి బయల్దేరారు. విమానం శాంటా బార్బరా దగ్గర కొండల్లో కూలింది. ముగ్గురు కోచ్‌లు, పైలట్ పోయారు. వాళ్ళు వెళ్తున్నది ఎక్కడికో తెలుసా? శాన్ లూయిస్ ఒబిస్పోకి. కాల్ పాలీ ఆట చూడ్డానికి.

నెల తిరక్కుండానే, డిసెంబర్ 11న అనాహైమ్ స్టేడియంలో మెర్సీ బౌల్ రెండోసారి జరిగింది. ఆ నలుగురి పిల్లల కోసం. ఒకవైపు ఫుల్లర్టన్, ఇంకోవైపు మళ్ళీ ఫ్రెస్నో స్టేట్. అంటే రెండు మెర్సీ బౌల్స్ లోనూ ఆడిన జట్టు అదొక్కటే. ఈసారి 17–14 తో ఫుల్లర్టన్ గెలిచింది. వచ్చిన జనం పదహారు వేల పైచిలుకు. మొదటిదాంట్లో సగం. అయినా ఆ పిల్లలకి చేరాల్సింది చేరింది.

అంతే కథ. మూడోది లేదు. ఫుల్లర్టన్ కాలేజీ అయితే 1992 సీజన్ తర్వాత ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేసింది, ఖర్చు భరించలేక. గెలిచిన జట్టూ లేదు, ఆ బౌలూ లేదు.

ఇప్పుడు దీన్ని ఇంకో బౌల్ పక్కన పెట్టి చూడండి. 1997లో ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో 'హ్యుమానిటేరియన్ బౌల్' అని మొదలైంది. పేరెంత గొప్పగా ఉందో చూశారా, మానవత్వపు బౌల్! రెండేళ్ళకి అది 'క్రూషియల్ డాట్ కామ్ హ్యుమానిటేరియన్ బౌల్' అయ్యింది. అవును, మనం లాప్‌టాప్‌లో వేసుకునే క్రూషియల్ ర్యామే. 2004కి మానవత్వం పేరులోంచే పోయి 'ఎంపీసీ కంప్యూటర్స్ బౌల్' అయ్యింది. ఆ కంపెనీ 2008లో దివాలా తీసింది. ఈలోగా 2007లో మానవత్వం మళ్ళీ తిరిగొచ్చింది. 2011 నుంచి దాని పేరు 'ఫేమస్ ఐడహో పొటాటో బౌల్'. మానవత్వంతో మొదలై, ర్యామ్ మీదుగా, బంగాళదుంప దగ్గర ఆగింది. 2014లో ఫ్లోరిడాలో ఒకదానికి బిట్‌కాయిన్ పేరు కూడా పెట్టారు, అది ఒక్క ఏడాదే. నేను వెటకారం చేయట్లేదు. ఆ ఆటల్లోనూ కుర్రాళ్ళు ప్రాణం పెట్టి ఆడతారు. కానీ 'ఎందుకు' అనేది పోయాక 'ఏటా జరగాలి' అన్నది మాత్రం మిగిలితే, దేని పేరైనా దేనికైనా పెట్టొచ్చు అని దీన్ని చూస్తే తెలుస్తుంది.

అలాగని ఎక్కువకాలం నడిచేవన్నీ దారి తప్పుతాయని కాదు. 1925లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన ఈస్ట్-వెస్ట్ ష్రైన్ గేమ్ నేటికీ జరుగుతోంది, పిల్లల ఆస్పత్రుల కోసం. వందేళ్ళు! తేడా ఎక్కడుందో ఆలోచిస్తే నాకనిపించింది ఇది. ఆస్పత్రి అవసరం ఏటా ఉంటుంది, కాబట్టి జోలె కూడా ఏటా పట్టాలి. ప్రమాదంలో పోయినవాళ్ళ కుటుంబాల అవసరానికి ఒక హద్దు ఉంది. పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్ళవుతారు. జోలె ఎంతకాలం పట్టాలన్నది జోలె పట్టినవాడు కాదు, అవసరం నిర్ణయించాలి.

మనకీ ఈ సంప్రదాయం కొత్త కాదు. 1977 నవంబర్ 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తితే వేలమంది పోయారు. అప్పుడు ఎన్టీఆర్, ఏయన్నార్ వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేసిన సంగతి మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. తెర మీద దేవుడిగా చూసినవాడు గుమ్మం ముందు జోలె పడితే, ఇంట్లో ఉన్న నాలుగు రూపాయలూ తెచ్చి వేశారట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా విశాఖ, అనకాపల్లి వైపుని ఊడ్చేసినప్పుడు తెలుగు సినిమావాళ్ళు నవంబర్ 30న 'మేము సైతం' అని ఒక రోజంతా కార్యక్రమం చేశారు. అందులో హీరోలు జట్లుగా విడిపోయి క్రికెట్ కూడా ఆడారు. అప్పుడు నేను ఇంటర్. మా నక్కపల్లి చుట్టుపక్కల చెరుకు మొత్తం పడుకుండిపోయింది, కరెంటు లేదు. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో మాలో ఎవరికీ గుర్తులేదు. మా కోసం కూడా ఎవరో ఆడారన్నది మాత్రం గుర్తుంది. మెర్సీ బౌల్ కూడా అలాంటిదే అయ్యుంటుంది ఆ కుటుంబాలకి.

ఇక మొదట్లో చెప్తానన్న లింకు.

బీటెక్ అయిన ఏడాదికి మా బ్యాచ్‌లో ఒకడు హైవే మీద బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. రాత్రి పూట, డివైడర్ దగ్గర గ్యాప్, లైట్లు లేవు. నాన్న అంతకుముందే లేరు. అమ్మ, ఇంటర్ చదివే చెల్లి. ఉద్యోగంలో చేరి మూడు నెలలే కావడంతో కంపెనీ నుంచి పెద్దగా ఏమీ రాలేదు. మేమంతా కలిసి వాడి పేరున సంక్రాంతికి టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్ పెట్టాం. జట్టుకి ఇంతని ఎంట్రీ ఫీజు. గెలిచిన జట్టు ప్రైజ్ మనీ తీసుకోకుండా తిరిగిచ్చేసింది. మొత్తం తీసుకెళ్ళి ఆంటీ చేతిలో పెట్టాం. చెల్లి ఫీజు కట్టారు.

రెండో ఏడాది టోర్నమెంట్ ఇంకా పెద్దదయ్యింది. ఫ్లెక్సీలు, మైక్ సెట్, ముఖ్య అతిథి, శాలువాలు, మెమెంటోలు. ఫ్లెక్సీ మీద మావాడి ఫోటో కంటే అతిథిగారి ఫోటో పెద్దది. ఖర్చులన్నీ పోగా మిగిలింది మొదటి ఏడాది మిగిలిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. తప్పు ఎవరిదో కాదు, మాదే. శాలువాల బిల్లు కట్టింది నేనే. ఆ డబ్బు ఇవ్వడానికి వెళ్తే ఆంటీ టీ ఇచ్చి, "ఏటా వాడి పేరు మైకులో వినపడితే ఆ రెండు రోజులూ నేను ఇంట్లోంచి బయటికి రాలేకపోతున్నాను నాన్నా" అంది. ఆ మాటకి మా దగ్గర సమాధానం లేదు.

మూడో ఏడాది టోర్నమెంట్ పెట్టలేదు. పదకొండు మందిమి నెలకింతని వేసుకుని చెల్లి డిగ్రీ అయ్యేదాకా పంపాం. చప్పుడు లేని పని. ఫోటోలు లేవు. మధ్యలో ఇద్దరు ఆగిపోయారు, మిగతావాళ్ళం సర్దుకున్నాం. పోయినేడు ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం రాగానే మా అందరికీ మెసేజ్ పెట్టింది, ఇక పంపొద్దు అన్నయ్యలూ అని.

ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో మళ్ళీ మొదలైంది. "వాడి పేరు మీద టోర్నమెంట్ మళ్ళీ పెడదాంరా, ఏటా జరగాలి, లేకపోతే మర్చిపోతారు" అని. అనేవాడి మనసు మంచిదే. వాడూ ఆ పదకొండు మందిలో ఉన్నాడు. నేను వారం రోజులు ఏమీ చెప్పలేకపోయాను. వద్దంటే వాణ్ణి మర్చిపోదామన్నట్టు ఉంటుందేమోనని.

కాల్ పాలీ వాళ్ళు మర్చిపోలేదు. 2006లో తమ స్టేడియం దగ్గర చిన్న ప్రాంగణం కట్టుకున్నారు. అందులో 18 రాగి స్తంభాలున్నాయి. పోయిన 16 మంది ఆటగాళ్ళకి, ఆ మేనేజరుకి, ఆ అభిమానికి ఒక్కోటి. ఏ ఆటగాడి స్తంభం ఆ ఆటగాడి ఎత్తే ఉంటుంది. అంటే అక్కడికెళ్తే మీరు రాతి మీద పేర్లు చదవరు, ఒక మనిషి పక్కన నిలబడతారు. గుర్తుపెట్టుకోవడం ఒక పని, ఆదుకోవడం ఇంకో పని, మళ్ళీ జరక్కుండా చూడటం మూడో పని. మొదటిదానికి స్తంభాలు, రెండోదానికి మెర్సీ బౌల్, మూడోదానికి పొగమంచు రూలు. మేం ఈ మూడింటినీ ఒకే టెన్నిస్ బాల్‌తో చేసేద్దామనుకున్నాం.

మూడో పని మేం అసలు మొదలే పెట్టలేదు. ఆ డివైడర్ గ్యాప్ దగ్గర ఇప్పటికీ లైటు లేదు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తూ చూశాను, బస్సు కిటికీలోంచి.

అందుకే నిన్న గ్రూపులో రాశాను. టోర్నమెంట్ వద్దురా, ఆ జోలె పని అయిపోయింది, దించేద్దాం. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు పదకొండు మందిమీ ఆ లైటు కోసం అర్జీ రాసి సంతకాలు పెడదాం, దాన్ని ఎవరికివ్వాలో నేను కనుక్కుంటా అని. నలుగురు సరే అన్నారు. ఒకడు 'చూద్దాం' అన్నాడు. మిగతావాళ్ళు చదివారు గానీ ఇంకా ఏమీ అనలేదు.

మీలో ఎవరైనా ఇలా హైవే మీద లైటు వేయించినవాళ్ళుంటే, అర్జీ ఎక్కడ మొదలెట్టారో కాస్త చెప్పండి.